నీడ అడిగితే అడవి చూపిస్తారా?

వనస్నానం గురించి ఆరోగ్య పేజీల్లో, రిసార్టుల ప్రకటనల్లో, కంపెనీలు ఉద్యోగులకు పెట్టించే ఉపన్యాసాల్లో ఈమధ్య ఒకే పాఠం వినిపిస్తోంది. దట్టమైన అడవికి వెళ్లండి. ఫోను ఆపేయండి. చెప్పులు విడిచి మెల్లగా నడవండి. చెట్లు వదిలే వాసనలను గుండెనిండా పీల్చండి. ఒత్తిడి పోతుంది, రక్తపోటు దిగుతుంది, క్యాన్సర్‌ను చంపే కణాలు ఒంట్లో పెరుగుతాయి. ఇది జపానువారి ప్రాచీన విద్య, అంతకుముందే మన ఋషులు ఎరిగిన విద్య. ఇంతా చెప్పి చివర ఒక మాట తగిలిస్తారు: ఇంత తేలికైన దారి ఉండగా ఇంకా ఒత్తిడితోనే బతుకుతున్నారంటే లోపం మీ ధ్యాసలోనే ఉందని.

నేను ఈ పాఠాన్ని హట్టిలో ఉండి చదువుతున్నాను. రాయచూరు జిల్లా లింగసూగూరు తాలూకాలో బంగారు గని ఉన్న ఊరు ఇది. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. ఇక్కడ కన్నడం, తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో కలిసి వినిపిస్తాయి. తుంగభద్ర కాలువ వచ్చాక కోస్తా నుంచి వచ్చిన రైతులు వేసుకున్న క్యాంపులు సింధనూరు, మాన్వి వైపు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లల్లోనూ, గని కాలనీ ఇళ్లల్లోనూ తెలుగు పత్రికలు చదువుతారు, తెలుగు వీడియోలు చూస్తారు. అందుకే ఈ పాఠానికి ఇక్కడినుంచి జవాబు చెప్పవలసి ఉంది.

నిజాన్ని ముందు ఒప్పుకుందాం. చెట్ల మధ్య కొంతసేపు తొందర లేకుండా గడిపితే మనసుకు హాయిగా ఉంటుంది. కొలిచి చూస్తే నాడి, రక్తపోటు, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొంత తగ్గినట్టు కనిపిస్తాయి. జపానులో 24 అడవుల్లో, ఒక్కో అడవికి పన్నెండుమంది యువకుల చొప్పున తీసుకుని, అడవిలో ఒకరోజు, నగరంలో ఒకరోజు ఉంచి చేసిన పరిశీలన 2010లో అచ్చయింది. అడవిలో ఉన్న రోజు ఆ కొలతలన్నీ మెరుగ్గా వచ్చాయి. దీన్ని నేను కాదనను. అయితే ఆ పరీక్షకు నిలబడినవాళ్లంతా ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లు. వాళ్లు అడవిలో ఉన్నది కొద్దిసేపు. కొలతలు తీసినదీ అప్పటికప్పుడే. ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. కార్టిసాల్ తాత్కాలికంగా తగ్గడం నిజమేనని చెబుతూనే, అడవికి వెళ్తున్నాం, మంచి జరుగుతుంది అన్న ఎదురుచూపుకు కూడా అందులో పెద్ద వాటా ఉండవచ్చని అది హెచ్చరించింది. ఉన్న నిజం ఇంతవరకే. దీనిమీద కట్టిన మేడ గురించే నా అభ్యంతరం.

ప్రాచీనత సంగతి ముందు చూద్దాం. వనస్నానానికి జపాను భాషలో ఉన్న షిన్రిన్-యోకు అనే పేరును 1982లో జపాన్ అటవీ సంస్థ అధిపతి తొమొహిదే అకియామా ముందుకు తెచ్చారు. నగానో ప్రాంతంలోని అకసావా అడవిని దానికి పుట్టినిల్లుగా చూపిస్తారు. శరీరంపై దాని ప్రభావాన్ని కొలిచే ప్రయత్నాలు మొదలైంది 1990లో, యాకుషిమా దీవిలో. అంటే ప్రచారం ముందు పుట్టింది, కొలతలు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చాయి. ఆ ప్రచారానికి ఒక నేపథ్యం ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాను కలప కోసం కొండలనిండా సుగి, హినోకి చెట్లు నాటింది. ఆ దేశపు అడవుల్లో నూటికి నలభై పాళ్లు అలా నాటినవే. 1964లో విదేశీ కలప దిగుమతికి తలుపులు తెరిచాక సొంత కలపకు గిరాకీ పడిపోయింది. అంత అడవి చేతిలో ఉన్న సంస్థ, జనాన్ని అడవికి రప్పించే దారి వెతికింది. అందులో తప్పు లేదు. నేలలో మూడింట రెండు వంతులు అడవి ఉన్న దేశానికి అది తెలివైన విధానం. కానీ ఒక ప్రభుత్వశాఖ నలభై ఏళ్ల కిందట మొదలుపెట్టిన కార్యక్రమాన్ని వేల ఏళ్ల విద్యగా అమ్మడం అబద్ధం.

మన ఋషుల మాట కూడా అలాంటిదే. ఆరణ్యకాలు ఊరికి దూరంగా, ఏకాంతంలో అధ్యయనం చేయవలసిన గ్రంథాలు. వాటి విషయం యజ్ఞమూ, దాని రహస్యార్థమూ. వాటిలో నాడి కొలతలు, ఒత్తిడి చికిత్స వెతికేవాళ్లు వాటిని చదివినవాళ్లు కారు. మనకు నిజంగా ఉన్నది వనభోజనం. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద పొయ్యి పెట్టి, నాలుగు కుటుంబాలు కలిసి వండుకుని, పిల్లల గోల మధ్య తిని వచ్చే పండగ అది. అందులో మౌనం లేదు, మెల్లని నడక లేదు, గురువు లేడు. చెట్టు కింద మనుషులు కలిసి కూర్చోవడం ఉంది. అది తనంతట తానే గొప్పది. దానికి జపాను ముద్ర వేయించుకోవలసిన అవసరం లేదు.

ఇక క్యాన్సర్ మాట. ఈ పాఠంలో నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. దీని మూలం తోక్యోలోని నిప్పన్ వైద్య విశ్వవిద్యాలయంలో చింగ్ లీ బృందం చేసిన పని. 2005లో తోక్యో కంపెనీల్లో పనిచేసే పన్నెండుమంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను నగానోలోని ఇయామా అడవులకు మూడు పగళ్లు, రెండు రాత్రులు తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి వాళ్ల రక్తంలో ఎన్‌కే కణాల చురుకుదనం దాదాపు సగం మేర పెరిగినట్టు తేలింది. ఎన్‌కే కణాలు వైరస్ సోకిన కణాలనూ, కొన్ని క్యాన్సర్ కణాలనూ గుర్తించి చంపుతాయన్నది నిజం. అక్కడినుంచి మన రచయితలు ఒక్క గెంతు గెంతి, అడవికి వెళ్తే క్యాన్సర్ రాదు అన్నారు. ఆ పన్నెండుమందికి క్యాన్సర్ లేదు. తర్వాతి ఏళ్లలో వాళ్లకు వచ్చిందా రాలేదా అని చూసిన పరిశోధన అది కాదు. రక్తపరీక్షలో ఒక అంకె పెరగడానికీ, ఒక జబ్బు రాకుండా ఆగిపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. పైగా ఆ మూడు రోజులూ వాళ్లు ఆఫీసుకు వెళ్లలేదు, రైలు పట్టుకోవడానికి పరుగెత్తలేదు, హాయిగా నడిచారు, నిద్రపోయారు. మేలు చేసింది చెట్ల వాసనేనా, సెలవా? పన్నెండుమందితో ఆ ముడి విప్పలేం. రొమ్ములో గడ్డ తగిలిన ఇల్లాలు ఆసుపత్రికి వెళ్లకుండా ఈ వీడియో చూసి నెల రోజులు ఆగితే, ఆ నెలకు జవాబు ఎవరు చెబుతారు? హట్టి నుంచి క్యాన్సర్ వైద్యుడి దగ్గరకు వెళ్లడమంటే ఇప్పటికే పెద్ద ప్రయాణం. ఆ ప్రయాణాన్ని వాయిదా వేయించే ఏ మాటనైనా నేరంగానే చూడాలి.

చెట్లు వదిలేదంతా ఆరోగ్యమే అన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే తేల్చుకోవాలి. వనస్నానం పుస్తకాలు పొగిడే సుగి చెట్టు పుప్పొడి వల్లే జపానులో ప్రతి వసంతంలోనూ కోట్లమంది కళ్లు మండి, ముక్కు కారి బాధపడతారు. 2019 నాటి సర్వేలో ఆ దేశ జనంలో నూటికి 38 మందికి పైగా ఆ అలర్జీ ఉన్నట్టు తేలింది. 2023లో జపాను ప్రభుత్వం పదేళ్లలో సుగి తోటలను ఐదో వంతు తగ్గిస్తామని ప్రకటించింది. మన దగ్గర విశాఖపట్నం అనుభవం ఉంది. 2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేశాక ఏడాకుల చెట్టును విరివిగా నాటారు. ఇప్పుడు ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఆ పూల ఘాటుకు ఊపిరి ఆడటం లేదని జనం మొత్తుకుంటున్నారు.

హట్టి చుట్టూ ఉన్న పచ్చదనంలో ఎక్కువభాగం సర్కారు తుమ్మ. దాని కథ తెలుగునేలమీదే మొదలైంది. జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను 1877లో కడప జిల్లా కమలాపురంలో చల్లారు. వంటచెరకు కొరత తీరుతుందని, బీడునేల పచ్చబడుతుందని మద్రాసు అటవీశాఖ ఆశించింది. వంటచెరకు దొరికింది, నిజమే. దానితోపాటు చెరువుగట్లు, కాలువ ఒడ్లు, పశువుల బీళ్లు దాని కిందికి పోయాయి. దాని పుప్పొడి మన దేశంలో ఉబ్బసం, తుమ్ముల అలర్జీ రేపే ముఖ్యమైన వాటిలో ఒకటి. ఆయాసం ఉన్న మనిషిని ఆ పొదల మధ్యకు పంపి గుండెనిండా గాలి పీల్చమని చెప్పేవాళ్లు, ఏ చెట్టు దగ్గర పీల్చాలో కూడా చెప్పాలి కదా.

చెప్పులు విడవమనే సలహా ఇంకా అపాయం. నగానోలో నాచు పరుచుకున్న కొండవాలు వేరు, ఈ నేల వేరు. ఇక్కడ తుమ్మముల్లు రబ్బరు చెప్పును గుచ్చుకుని పాదంలోకి దిగుతుంది. పల్లేరుకాయలు సరేసరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఈ పీఠభూమి మీద ఉన్నాయి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది, అంటే ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వెలువడిన అంచనా చెబుతోంది. వాళ్లలో ఎక్కువమంది పల్లెవాళ్లు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరిగినవి. మన చిట్టడవి పచ్చగా, చూడముచ్చటగా ఉండేది సరిగ్గా ఆ నెలల్లోనే. మునిమాపు వేళ మౌనంగా, వట్టికాళ్లతో, చూపు ఆకుల మీద పెట్టి నడవమని నేర్పే మనిషి ఈ నేలమీద ఒక్క వానాకాలమైనా తిరిగి ఉండడు. గొర్రెలు కాసే మనిషి ఎప్పుడూ అలా నడవడు. కాలికి దిట్టమైన చెప్పులు, చేతిలో కర్ర, చూపు నేలమీద. అతని ధ్యాస ఏ శిక్షణలోనూ నేర్చుకున్నది కాదు, దానిలో లోపమేమీ లేదు.

గని మనిషి దగ్గరకు వద్దాం, ఎందుకంటే ఈ పాఠం అతని విషయంలోనే ఎక్కువ అన్యాయంగా ఉంది. గని పని షిఫ్టుల పని. రాత్రి డ్యూటీ దిగి పైకి వచ్చేసరికి తెల్లవారి ఉంటుంది. అప్పుడే అడవికో పార్కుకో వెళ్లి ఉదయపు వెలుగులో గంటసేపు నడవండి, అలసట పోతుంది అంటారు. రాత్రి పనిచేసినవాడికి ఇది తలకిందుల సలహా. ఉదయపు వెలుగు కంటిలో పడగానే మెదడు నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను ఆపేస్తుంది, ఒంట్లో గడియారం పగటికి తిరుగుతుంది. ఇంటికి చేరి పడుకుంటే నిద్ర పట్టదు, పట్టినా రెండు మూడు గంటలకే మెలకువ వస్తుంది. నిద్ర వైద్యులు రాత్రి షిఫ్టువాళ్లకు చెప్పేది ఇందుకు విరుద్ధం: ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, గది చీకటి చేసి ముందు పడుకోండి అని. ఆ మనిషికి చెట్ల మధ్య నడక కావలసింది నిద్ర లేచాక, సాయంత్రం. ఒక్క షిఫ్టు సంగతైనా అడగకుండా అందరికీ ఒకే వేళ రాసిచ్చే వైద్యం వైద్యం కాదు.

ఊపిరితిత్తుల సంగతి ఇంతకన్నా బరువైనది. బంగారం పలుగురాతి పొరల్లో ఉంటుంది. ఆ రాతిని డ్రిల్లు చేసినా, పేల్చినా, మిల్లులో నూరినా కంటికి కనిపించనంత సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి మచ్చలు కట్టిస్తుంది. అదే సిలికోసిస్. ఒకసారి కట్టిన మచ్చ పోదు, పోగొట్టే మందు లేదు, క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. మన తెలుగు, తమిళ కుటుంబాలు తరాలపాటు పనిచేసిన కోలారు గనుల్లో 1940లలో వేలమంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభైమందికి పైగా ఈ జబ్బు కనిపించింది. దీనికి అడ్డుకట్ట తడి డ్రిల్లింగులో, గాలి మార్పిడిలో, సరైన మాస్కులో, వేళకు తీసే ఎక్స్‌రేలో ఉంది. చట్టం ప్రకారం ఇది గనుల అధికారులకు తప్పక తెలపవలసిన జబ్బు. నష్టపరిహారం ఇవ్వవలసిన జబ్బుల జాబితాలోనూ ఉంది. అంటే జబ్బుకు పేరు పెట్టడం మీదే ఆ కుటుంబానికి రావలసిన డబ్బు ఆధారపడి ఉంటుంది. రిటైరైన గని మనిషి నాలుగు మెట్లెక్కి ఆయాసపడితే, ఒత్తిడి అన్నా, చెట్ల మధ్య లోతుగా ఊపిరి తీసుకో అన్నా, అని చెప్పే చుట్టాలు నాకు తెలుసు. వాళ్లది ప్రేమే, తప్పు వాళ్లది కాదు. ఆ మాటను వాళ్ల నోట పెట్టినవాళ్లది. ఆ ఆయాసానికి తీయవలసింది ఛాతీ ఎక్స్‌రే. పట్టుకెళ్లవలసింది గని సర్వీసు కాగితాలు. ఎన్నేళ్లు లోపల పనిచేశాడు, ఏ పని చేశాడు అన్నది వైద్యుడికి చెప్పాలి. అది జరిగాక సాయంత్రం వేపచెట్టు కింద ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆ కూర్చోవడం ఊపిరితిత్తి మీది మచ్చను చెరపదని మాత్రం అతనికి నిజాయితీగా చెప్పాలి.

ఇవన్నీ తీసేస్తే మిగిలేదేమిటి అని అడుగుతారు. మిగిలేది చాలా ఉంది, అది అందరికీ అందేది కూడా. ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ వైట్ బృందం దాదాపు 20 వేలమందిని అడిగి చేసిన పరిశీలన 2019లో వచ్చింది. వారంలో మొత్తం రెండు గంటలు పచ్చని చోట గడిపేవాళ్లు తాము ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని చెప్పడం ఎక్కువ కనిపించింది. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదు. ఊరి పార్కు కూడా లెక్కలోకి వచ్చింది. 1984లో రోజర్ ఉల్రిక్ అచ్చువేసిన పరిశీలన ఇంకా చిన్నది: పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది. కిటికీలోంచి ఇటుక గోడ కనిపించిన వాళ్లకన్నా చెట్లు కనిపించినవాళ్లు దాదాపు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పిమందులు తక్కువ తీసుకున్నారు. వీటిలో మొదటిది కారణాన్ని రుజువు చేయదు, రెండోది చాలా కొద్దిమంది మీద చేసినది. అయినా రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి. మేలు చేసిన చెట్లు కొండల్లో లేవు. మనిషి రోజూ ఉండే చోటికి దగ్గరలో, ఖర్చు లేకుండా, అడిగినప్పుడల్లా దొరికేచోట ఉన్నాయి.

అలా చూస్తే కర్ణాటకలో అడవి అతి తక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటైన రాయచూరుకు కూడా ఈ మేలు అందనిదేమీ కాదు. ఇక్కడి కొండలమీది చిట్టడవి ఏప్రిల్, మే నెలల్లో మోడుబారుతుంది. ఎండ నలభై డిగ్రీలు దాటే ఆ రోజుల్లో అక్కడ స్నానమూ లేదు, నీడా లేదు. ఊళ్లో వేప మాత్రం ఉగాదికి ముందే ఆకు రాల్చి, చిగురేసి, పూతతో నిండి ఉంటుంది. గానుగ కూడా అంతే. చింత ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. బావి దగ్గర, గుడి ముందు, దర్గా పక్కన, సంత జరిగేచోట మన పెద్దలు ఈ చెట్లనే ఎంచి నాటారు. ఎండ ముదిరిన నెలలో ఏది నీడనిస్తుందో వాళ్లకు తెలుసు. సాయంత్రం అయిదు దాటాక వేపచెట్టు కట్టమీద అరగంట, కాళ్లు బారజాపి, ఆకుల మీదుగా వచ్చే గాలిని ఒంటికి తగలనిచ్చి కూర్చోండి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడండి, లేకపోతే లేదు. చెప్పులు కాళ్లకే ఉండనివ్వండి. రక్తపోటు మాత్ర వేళకు వేసుకోండి. దీనికి శిక్షకుడు అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు, దండేలికో నల్లమలకో టికెట్టు అక్కర్లేదు.

అయితే ఆ కట్టమీద ఎవరు కూర్చుంటున్నారో చూడండి. మగవాళ్లు. పొద్దున పేపరు చదివేవాళ్లు, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు, సాయంత్రం కబుర్లాడేవాళ్లు, అందరూ మగవాళ్లే. పత్తి ఏరి, మిరప కోసి, ఇంటికి వచ్చి వంట చేసే ఆడమనిషికి ఊరి నడిమధ్య చెట్టు కింద కాసేపు ఊరికే కూర్చునే చోటు లేదు. కూర్చుంటే ఏమ్మా పనేం లేదా అంటారు. వనస్నానం ఫొటోల్లో కళ్లు మూసుకుని చెట్టుకు చేరగిలబడి కనిపించేది ఎప్పుడూ ఒక యువతే. మన ఊళ్లలో అలా కూర్చోగలిగే హక్కు ఆమెకే లేదు. ఒత్తిడి గురించి మాట్లాడాలంటే ఇక్కడినుంచి మాట్లాడాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, విశ్రాంతివేళ, పిల్లలకు నీడ ఉండాలని రాసింది. నీడ పనిచోట ఇవ్వవలసిన సదుపాయమని చట్టమే ఒప్పుకుంది. ఎన్ని పనిచోట్ల ఆ నీడ కనిపించిందో ఆ పని చేసిన ఏ అక్కనైనా అడగండి.

ఇక్కడ నీడ ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకు వాన తక్కువ అన్న ఒక్క జవాబు చాలదు. హట్టిలో పాతకాలపు తవ్వకాలు 640 అడుగుల లోతుదాకా వెళ్లాయి. లోపల దొరికిన కలపను పరీక్షిస్తే దాదాపు రెండువేల ఏళ్ల నాటిదని తేలింది. అశోకుడి పేరున్న శాసనం 1915లో బయటపడిన మస్కి కూడా ఈ పక్కనే, దాన్ని కనిపెట్టిన బీడన్ బంగారం వెతుకుతూ వచ్చిన ఇంజనీరే. మందుగుండు లేని ఆ కాలంలో రాతికి నిప్పు పెట్టి కాల్చి, వేడికి బీటలు వారాక పగలగొట్టేవాళ్లు. అన్ని వందల అడుగుల రాతిని కాల్చడానికి కట్టెలు ఎక్కడివి? ఈ చుట్టుపక్కల అడవిలోవే అయి ఉండాలి. ఈ నేల తన చెట్లను బంగారం కోసం ఒకసారి ఇచ్చేసింది. 1947లో నిజాం రాజ్యంలో కంపెనీ పెట్టి ఈ గనిని మళ్లీ తెరిచారు. కోలారు 2001లో మూతపడ్డాక దేశానికి సొంత బంగారం ప్రధానంగా ఇక్కడినుంచే వస్తోంది. టన్ను రాతిలో దొరికేది కొన్ని గ్రాములు. మిగిలిందంతా పిండై ఊరి పక్కన గుట్టగా నిలుస్తుంది. అలాంటి ఊరివాళ్లకు విశ్రాంతి కావాలంటే ఇంకో జిల్లాలోని అడవికి వెళ్లి డబ్బిచ్చి కొనుక్కోండి అనడం నాకు మనసొప్పదు. ఉత్తరాఖండ్ అటవీశాఖ 2021లో రాణీఖేత్ దగ్గర కాలికాలో వనచికిత్సా కేంద్రం తెరిచింది. అక్కడ అడవి ఉంది, తెరిచారు, మంచిదే. హైదరాబాదులో కంచ గచ్చిబౌలి చెట్లమీదికి 2025లో బుల్డోజర్లు వెళ్లినప్పుడు ఆపడానికి సుప్రీంకోర్టు రావలసి వచ్చింది. నగరంలోనే ఉన్న పచ్చదనాన్ని పోగొట్టుకుని, వారాంతంలో దూరపు పచ్చదనానికి రుసుము కట్టడాన్ని ఆరోగ్యవిధానం అనలేం.

డబ్బు లేదన్న మాట కూడా చెల్లదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని ఉన్నచోట గని వల్ల నష్టపోయినవాళ్లకోసం, గనులు కట్టే సొమ్ముతో నడిచే నిధి అది. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో చెప్పే ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన, అందులో ఎక్కువభాగం తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం, స్త్రీశిశు సంక్షేమం వంటి వాటికి పోవాలంది. ఊళ్లో నీడ వీటిలో ఒక్కటి కాదు, రెండు మూడింటి కిందికి వస్తుంది. నీళ్లెక్కడివి అంటారు. వేపకూ గానుగకూ నీళ్లు కావలసింది మొదటి రెండు మూడు వేసవులే, తర్వాత వాటి వేర్లే వెతుక్కుంటాయి. ఏటా వానాకాలంలో మొక్కలు నాటి ఫొటోలు తీసుకుంటారు, మార్చి వచ్చేసరికి సగం మేకల పాలు, సగం ఎండ పాలు. మొక్క నాటడానికి వచ్చినంతమంది నీళ్లు పోయడానికి రారు.

కాబట్టి పంచాయతీలోనూ, ఖనిజ నిధి సమావేశంలోనూ అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. బస్సు ఆగేచోట, ఆసుపత్రి ముందు, బడి చుట్టూ, గని గేటు నుంచి కాలనీదాకా దారి పొడవునా వేప, గానుగ, చింత, నేరేడు. సర్కారు తుమ్మ ఇళ్లకు దగ్గరగా పెరిగినచోట వేళ్లతో సహా తీయించడం. ప్రతి వార్డులో ఆడవాళ్లు చీకటిపడ్డాక కూడా భయం లేకుండా కూర్చోగలిగే ఒక చెట్టుకట్ట, దానికో దీపం. మొక్క మొక్కకూ మేక తల దూర్చలేని కంప. మూడు వేసవులు నీళ్లు పోసే మనిషికి నెలనెలా కూలి, మొక్క బతికితేనే పని ముగిసినట్టన్న షరతు. ఈ లెక్క రాసిన కాగితం వానలకు ముందే, మే నెలలోనే పెట్టాలి. జూన్ దాటితే ఏడాది పోతుంది.